‘ఇది చదవండి’ అని చెప్పే అపరిచితులు

2012 జూలైలో, పాఠకులే లింకులు పెట్టి ఓట్లు వేసే డిగ్ అనే వెబ్‌సైటును న్యూయార్కుకు చెందిన బేటావర్క్స్ సంస్థ కొనుక్కున్నప్పుడు పత్రికల్లో వచ్చిన ధర 5 లక్షల డాలర్లు. అంతకు నాలుగేళ్ల ముందు ఇదే సైటును గూగుల్ సుమారు 20 కోట్ల డాలర్లకు కొనబోతోందని వార్తలు వచ్చాయి. వ్యాపార పతనానికి ఉదాహరణగా ఈ రెండు అంకెలనూ చాలామంది పక్కపక్కన పెట్టి చూపించారు. నా ప్రశ్న వేరు. శ్రీకాకుళంలో ఉంటూ, కోరిన ఇంగ్లీషు పుస్తకం దొరికే దుకాణం గానీ, విదేశీ పత్రికలు తెప్పించే గ్రంథాలయం గానీ చేరువలో లేని నాలాంటి పాఠకుడికి ఆ పతనంతో ఏం పోయింది?

నా దృష్టిలో ఒక పని చేసే మనుషులు పోయారు. ఏదైనా చదివి, పస ఉందనిపిస్తే ముక్కూ మొహం తెలియని పదిమందికి దాన్ని చూపించి, తన ఎంపిక మీద ఎవరేమన్నా బహిరంగంగా జవాబు చెప్పుకునే పని అది. ఆ పనిని మనం సగం యంత్రానికీ సగం వాట్సాప్ గ్రూపులకూ అప్పగించేశాం. యంత్రం చూపించేదాని వెనుక చదివిన మనిషి లేడు. గ్రూపులో వచ్చేదాని చుట్టూ మనవాళ్లే తప్ప కాదనే అపరిచితుడు లేడు. చదివిన మనిషీ, కాదనే అపరిచితుడూ ఒకేచోట ఉండే జాగా దాదాపు కనుమరుగైంది. పెద్ద నగరాల్లో ఉన్నవారికి ఈ లోటు పూడ్చుకునే దారులు వేరే ఉన్నాయి గానీ, చిన్న ఊళ్ల పాఠకులకు లేవు.

ఇలాంటి లింకుల సైట్ల పద్ధతి చూడని వయసువారు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1997లో రాబ్ మాల్డా మొదలుపెట్టిన స్లాష్‌డాట్‌కు పాఠకులు లింకులు పంపేవారు, సంపాదకులు వాటిని ఏరి ప్రచురించేవారు. 1999లో వచ్చిన మెటాఫిల్టర్‌లో సభ్యులే నేరుగా పెట్టేవారు. 2003లో జాషువా షాక్టర్ తయారుచేసిన డెలిషస్‌లో ఎవరి లింకులు వారు దాచుకుంటూ వాటికి విషయాన్ని సూచించే ట్యాగులు తగిలించేవారు. ఒకే ట్యాగు కింద వేలమంది దాచుకున్నవి ఒకచోట కనిపించేవి. 2004 చివర్లో కెవిన్ రోజ్, ఆయన సహచరులు ఆరంభించిన డిగ్‌లో సంపాదకుడనేవాడే లేడు. ఎవరైనా లింకు పెట్టవచ్చు, నచ్చినవారు ఓటు వేస్తారు, నచ్చనివారు దాన్ని కిందికి తొక్కుతారు, తగినన్ని ఓట్లు పడితే మొదటి పేజీకి ఎక్కుతుంది. 2005 జూన్‌లో స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ రెడిట్‌ను తెచ్చారు. 2007 ఫిబ్రవరిలో పాల్ గ్రహామ్ హ్యాకర్ న్యూస్ పెట్టారు. ఒక్కోదాని నియమాలు ఒక్కో రకం. అయితే అన్నిట్లోనూ లింకు పక్కన దాన్ని పెట్టినవారి పేరు, కలం పేరైనా సరే, ఉండేది. ఆ పేరు మీద నొక్కితే ఆ మనిషి అంతకుముందు ఏమేం చూపించాడో, ఏమేం వాదించాడో బయటపడేది. కొన్నాళ్లు గమనిస్తే ఎవరి మాట నమ్మవచ్చో మనకే తెలిసిపోయేది.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ చెక్కలతో విడదీసిన ఇరుకు గదులు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, కరెంటు పోగానే ఒకేసారి కుయ్‌మనే యూపీఎస్‌లు. గంటల లెక్కన డబ్బు కట్టేవాళ్లం. పేజీ తెరుచుకోవడానికి పట్టే సమయం కూడా మన ఖాతాలోనే పడుతుంది కాబట్టి ఏది తెరవాలో ముందుగా తేల్చుకోవలసి వచ్చేది. నేను మొదట లింకు కింద ఉన్న వ్యాఖ్యలు చదివేవాణ్ని. ఆ విషయం తెలిసినవారెవరైనా ‘ఇది తప్పక చదవండి’ అన్నారా, లేక ‘శీర్షికలో ఉన్నది లోపల లేదు’ అని హెచ్చరించారా అని చూసి, అప్పుడు గానీ లింకు నొక్కేవాణ్ని కాదు. పనికొస్తాయనిపించిన వ్యాసాలను ఒక్కొక్కటీ వేరే ట్యాబులో తెరిచి, అన్నీ పూర్తిగా లోడయ్యాక సేవ్ చేసి, పెన్ డ్రైవులో వేసుకుని ఇంటికి తెచ్చుకుని, నెట్ లేని కంప్యూటర్లో రాత్రిపూట తీరిగ్గా చదివేవాణ్ని. నా డబ్బునూ సమయాన్నీ వృథా కానివ్వకుండా కాపాడినవాళ్లు ఎక్కడో అమెరికాలోనో, ఐరోపాలోనో, బెంగుళూరులోనో కూర్చున్న అపరిచితులు. వారికి నేనెవరో తెలియదు. శ్రీకాకుళం ఎక్కడుందో తెలియవలసిన అవసరమూ వారికి లేదు.

ఇది పాతరోజుల మీద మమకారంతో చెబుతున్న మాట కాదని చూపించడానికి మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం సంగతి చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కూల్చిందో మా జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, అయినా నడివయసు రైతు కూలీకి రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే పెరిగే పదార్థం) పెరిగిపోయి డయాలసిస్ దాకా వస్తుంది. కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో మరణాల వార్తలు వచ్చేవి, ఆరోగ్య శిబిరాల వార్తలు వచ్చేవి, నాయకుల హామీలూ వచ్చేవి. కానీ ఇది మన ఒక్కరికే వచ్చిన జబ్బా, ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అన్న ప్రశ్నకు ఆ పేజీల్లో నాకు జవాబు దొరకలేదు.

ఆ జవాబు నాకు లింకుల సైటులోనే దొరికింది. అమెరికాలోని సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటెగ్రిటీ అనే పరిశోధనాత్మక పాత్రికేయ సంస్థ 2011, 2012 సంవత్సరాల్లో ఈ వ్యాధి మీద వరుస కథనాలు ప్రచురించింది. నికరాగ్వా, ఎల్ సాల్వడోర్ చెరకు తోటల కూలీలు, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులు, మన ఉద్దానం వాసులు, వీరంతా ఒకే రకమైన వ్యాధితో చనిపోతున్నారని ఆ కథనాలు పక్కపక్కన పెట్టి చూపించాయి. మన కొబ్బరి తోటల పేరు నికరాగ్వా చెరకు తోటల పక్కన చదివినప్పుడు నాకు కలిగిన కదలిక మామూలుది కాదు. కవిటిలో ఉన్న మా బంధువుల ఇంటి కష్టానికి ప్రపంచ పటం మీద తోడు దొరికినట్టయింది. నేను ఆ వ్యాసాలను వెతకలేదు. ఏమని వెతకాలో కూడా నాకు తెలియదు. మధ్య అమెరికాలో అలాంటి వ్యాధి ఉందని తెలియనివాడు దాన్ని ఏ పేరుతో వెతుకుతాడు? ఎవరో చదివి, నలుగురికీ తెలియాలనుకుని పెట్టబట్టి నా కంటపడింది.

అంతకంటే ముఖ్యమైనది ఆ లింకుల కింద నడిచే వాదన. 2014లో శ్రీలంక పరిశోధకులు ఒక పత్రం ప్రచురించారు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు, కఠిన జలం, భార లోహాలు మూడూ కలిసి ఈ వ్యాధికి కారణమవుతూ ఉండవచ్చని దాని సారాంశం. మరుసటి ఏడాదే శ్రీలంక ప్రభుత్వం ఆ మందును నిషేధించింది. ఆ పత్రం గురించి వచ్చిన లింకు కింద ఒక వ్యాఖ్యాత, తాను రసాయన శాస్త్రం చదువుకున్నానని చెప్పుకుంటూ, అది ఒక ప్రతిపాదన మాత్రమేననీ, రోగుల మీద కొలతలు తీసి నిరూపించిన అధ్యయనం కాదనీ, రెండిటికీ తేడా పాఠకులు గుర్తుంచుకోవాలనీ ఓపిగ్గా రాశాడు. మరొకరు ఆయనను గట్టిగా ఎదుర్కొన్నారు. ఇంకొకరు మధ్య అమెరికాలో ఎండదెబ్బ, నిర్జలీకరణం మీద జరుగుతున్న పరిశోధనల లింకులు తెచ్చి పెట్టారు. వారిలో ఎవరు చెప్పింది పూర్తిగా సరైనదో తేల్చగల చదువు నాకు లేదు. కానీ తేలని విషయాన్ని తేలనట్టుగానే ఉంచి మాట్లాడుకోవడం ఎలా ఉంటుందో అక్కడ చూశాను.

ఇప్పుడు అదే ఉద్దానం మీద మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వచ్చేవి చూడండి. ఒకరోజు నీళ్లలో సిలికా వల్లే అని తీర్మానం. మరో రోజు జీడితోటలకు కొట్టిన మందుల వల్లే అని తీర్మానం. ఇంకో రోజు ఫలానా ఆకు రసం నలభై రోజులు తాగితే క్రియాటినిన్ దిగిపోతుందని, దాని కింద నమస్కారం పెట్టిన చేతుల బొమ్మలు. ఎవరు రాశారో లేదు, ఎక్కడ చదివారో లేదు, తేదీ లేదు. మా పెదనాన్న పంపినదాన్ని నేను తప్పని ఎలా అంటాను? అనలేను. వాట్సాప్‌లో లింకులు తిరగడం లేదని కాదు, చాలా తిరుగుతున్నాయి. పంపినవారి మీద గౌరవమో మొహమాటమో అడ్డొచ్చే చోట విషయానికి పరీక్ష జరగదని నేను అంటున్నాను. అపరిచితుల మధ్య ఆ మొహమాటం ఉండదు. ఆకు రసం నమ్మి డయాలసిస్ మానుకున్న మనిషి పరిస్థితి ఏమవుతుందో పలాస ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు.

ఈ లింకుల సైట్లు ఎందుకు క్షీణించాయన్నదానికి ‘జనానికి చదివే ఓపిక పోయింది’ అనే జవాబు సులువుగా వినిపిస్తుంది. నేను దాన్ని ఒప్పుకోను. డిగ్ విషయంలో జరిగింది పరిశీలిస్తే కారణం వేరే చోట కనిపిస్తుంది. 2010 ఆగస్టు చివర్లో డిగ్ తన నాలుగో రూపాన్ని తెచ్చింది. అందులో లింకును కిందికి తొక్కే వీలు తీసేశారు. పత్రికా సంస్థలు తమ వ్యాసాలను తామే యాంత్రికంగా పంపుకునే ఏర్పాటు చేశారు. అంటే అప్పటిదాకా పాఠకుడు చేసిన రెండు పనులనూ, ఏరడాన్నీ తిరస్కరించడాన్నీ, ఒక్క దెబ్బతో అతని చేతిలోంచి లాగేసుకున్నారు. సభ్యులు మొదటి పేజీ నిండా రెడిట్ లింకులు నింపి నిరసన తెలిపారు. ఆ తర్వాత పెద్దసంఖ్యలో వెళ్లిపోయారు. అంతకుముందు 2007 మే నెలలో, హెచ్‌డీ డీవీడీల కాపీ రక్షణను విప్పే సంకేతాన్ని తెలిపే లింకులను చట్టపరమైన బెదిరింపులకు లొంగి డిగ్ తొలగించినప్పుడు కూడా సభ్యులు తిరగబడ్డారు; అప్పుడు కెవిన్ రోజ్ వెనక్కి తగ్గి సభ్యుల పక్షాన నిలబడ్డారు కాబట్టి సైటు నిలిచింది. మూడేళ్ల తర్వాత ఆ వివేకం కనబడలేదు. పెట్టుబడి పెట్టినవారి ఒత్తిడి, ఫేస్‌బుక్, ట్విట్టర్‌లతో పోటీ కారణాలు కావచ్చు. ఏదేమైనా పాఠకులు అలిసిపోయి మానేశారనడం చరిత్రకు విరుద్ధం. పని లాగేసుకున్నారు కాబట్టి వెళ్లిపోయారు.

డెలిషస్ కథ మరింత బాధ కలిగిస్తుంది. 2005 డిసెంబరులో యాహూ దాన్ని కొన్నది. 2010 చివర్లో దాన్ని మూసివేసే జాబితాలో చేర్చినట్టు బయటికి పొక్కింది. 2011లో అమ్మేసింది. ఆ తర్వాత చేతులు మారి మారి, చివరకు 2017లో పిన్‌బోర్డ్ అనే చిన్న పోటీదారు నడిపే మచే చెగ్వోవ్‌స్కీ 35 వేల డాలర్లకు కొని, కొత్తవి చేర్చే వీలు ఆపేసి, ఉన్నవాటిని చూసుకోవడానికి మాత్రం ఉంచాడు. నొక్కినప్పుడల్లా ఒక కొత్త పేజీ చూపించే స్టంబుల్‌అపాన్ 2018 జూన్ 30న మూతపడింది. రకరకాల సైట్ల కొత్త రాతలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్‌లో ఒకరు చదివినది మరొకరికి చూపించే సదుపాయాన్ని 2011లో తీసేశారు, 2013 జూలై 1న మొత్తంగా మూసేశారు. లక్షలమంది ఏళ్ల తరబడి జీతం లేకుండా చేసిన ఎంపిక పని ఒక సంస్థ నిర్ణయంతో మట్టిలో కలిసిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మిగిలినవి మిగిలాయి గానీ వాటి స్వభావం మారింది. రెడిట్ మొదట బయటి లింకుల సైటు. 2016లో బొమ్మలను, 2017లో వీడియోలను తన దగ్గరే పెట్టుకునే ఏర్పాటు చేసుకుంది. బయటికి పంపడం తగ్గి, లోపలే తిప్పడం పెరిగింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసే మాటల్లో లింకు పెడితే అది నొక్కడానికి పనికిరాదు. ఎక్స్‌గా మారిన ట్విట్టర్ 2023 అక్టోబరులో లింకుల మీద వచ్చే శీర్షికలను తీసేసింది. 2024లో దాని యజమాని ఈలన్ మస్క్ స్వయంగా, అసలు పోస్టులో వివరం రాసి లింకును కింద జవాబులో పెట్టుకోమని సలహా ఇచ్చాడు. బస్టాండులో కొట్టు పెట్టుకున్నవాడు బస్సు తొందరగా రావాలని కోరుకోడు. మన సమయాన్ని ప్రకటనలకు అమ్ముకుని బతికే సంస్థకు లింకు అంటే గిరాకీ జారిపోయే దారి. పదిహేనేళ్లుగా ఆ దారిని ఇరుకు చేసుకుంటూ వచ్చారు. ఇందులో కుట్ర ఏమీ లేదు, ఆదాయం వచ్చే తీరే అది. అయితే ఆ తీరు పాఠకుడి అభిరుచిని మార్చేసి, ఆ తర్వాత ‘మీకు కావలసింది ఇదే కదా’ అని అతనికే చూపిస్తోంది.

రెడిట్‌లో 2023 జూన్‌లో జరిగిన పోరాటం దీనికి కొనసాగింపు. బయటి యాప్‌లు తన సమాచారాన్ని వాడుకోవడానికి సంస్థ భారీ ధర పెట్టింది. అపోలో వంటి యాప్‌లు నెలాఖరుకు మూతపడ్డాయి. వేలాది విభాగాలను వాటి నిర్వాహకులు, జీతం లేని మనుషులు, నిరసనగా కొన్ని రోజులు మూసేశారు. సంస్థ వెనక్కి తగ్గలేదు. 2024 మార్చిలో షేర్ మార్కెట్‌లో అడుగుపెట్టింది. సభ్యుల రాతలను కృత్రిమ మేధ శిక్షణకు వాడుకోనివ్వడానికి గూగుల్ ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లు ఇస్తోందని అంతకు నెల రోజుల ముందే వార్తలు వచ్చాయి. మనుషులు ఒకరికొకరు ఉచితంగా చేసుకున్న సాయానికి ఇంత విలువ ఉందని అప్పటికి మార్కెట్ కూడా ఒప్పుకుంది. ఆ విలువలో వారికి మాత్రం వాటా దక్కలేదు.

సభ్యుల వైపు తప్పు లేదని నేను అనను. డిగ్‌లో కొద్దిమంది ఆరితేరినవారు ఒకరి లింకులకు ఒకరు ఓట్లు వేసుకుంటూ మొదటి పేజీని గుప్పిట్లో పెట్టుకున్నారు. రాజకీయంగా తమకు గిట్టని వార్తలను కూడబలుక్కుని తొక్కేసిన ముఠా సంగతి 2010లో బయటపడింది. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత రెడిట్ సభ్యులు ఏ పాపమూ తెలియని ఒక విద్యార్థిని నిందితుడిగా చూపించి, ఆ కుటుంబానికి తీరని క్షోభ కలిగించారు. గుంపు చేతికి న్యాయం అప్పగిస్తే ఏమవుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు. ఈ సైట్ల మీద మమకారం ఉన్నవారు ఆ ఘటనను దాటవేయకూడదు. దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒక తేడా కూడా గుర్తొస్తుంది. ఆ తప్పు అందరి కళ్లముందు జరిగింది కాబట్టి ఎవరు చేశారో, ఎప్పుడు దిద్దుకున్నారో, నిర్వాహకులు ఏమని క్షమాపణ చెప్పారో ఈనాటికీ చదవవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానమంతా కరెంటు లేక చీకట్లో ఉండగా, ఎక్కడెక్కడి పాత తుపానుల ఫోటోలు మా ఫోన్లకు మా ఊళ్ల పేర్లతో వచ్చాయి. వాటిని మొదట ఎవరు పంపారో ఎవరికీ తెలియదు. అంతకు మూడు నెలల ముందే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులకు ఐదు చాట్ల పరిమితి పెట్టింది. వేగం తగ్గి ఉండవచ్చు. మూలం మాత్రం ఎప్పటిలాగే కనబడలేదు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. ఆ సైట్లు ఇంగ్లీషు వచ్చినవారివి, అందులోనూ ఎక్కువగా కంప్యూటరు చదువులు చదివిన మగవారివి. మా ఊళ్లో నెట్ సెంటర్‌కు వచ్చే ఆడపిల్లలు పరీక్షా ఫలితాలు చూసుకుని వెళ్లిపోయేవారు. వారు గంటసేపు కూర్చుని చదువుకునే వాతావరణం అక్కడ లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక టెక్కలిలో కుట్టుపని చేసుకునే అమ్మాయి యూట్యూబులో కొత్త డిజైన్లు తెలుగులో చూసి నేర్చుకుంటోంది. ఆమెకు ఆ పాత సైట్ల వల్ల ఒరిగిందేమీ లేదు. ఈ మాట అక్షరాలా నిజం, దీన్ని తక్కువచేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. అయితే అదే అమ్మాయి తన తండ్రికి వచ్చిన జబ్బు గురించి తెలుసుకోవాలనుకున్నప్పుడు యూట్యూబు ఆమెకు ముందుగా చూపించేది ఎక్కువమంది ఆగి చూసిన వీడియోను. ఆ వీడియోలో పస లేదని, ఫలానా వైద్యుడు చెప్పినది చూడమని ఆమెకు చెప్పే పాఠకులు తెలుగులో ఉన్నారు. వారూ ఆమే కలిసే చోటు లేదు.

తెలుగులో అలాంటి చోటు దాదాపుగా తయారైన కాలం ఒకటుంది. యూనికోడ్ వచ్చి, లేఖిని వంటి పరికరాలతో ఎవరైనా తెలుగులో రాయగలిగాక, కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు పుట్టాయి. ఎక్కడెక్కడి తెలుగువారి రాతలూ పొద్దున్నే ఒక్క పేజీలో కనిపించేవి. వాటిని జీతభత్యాలు లేకుండా, సొంత డబ్బుతో నడిపిన ఔత్సాహికులకు నేను రుణపడి ఉన్నాను. కానీ అవి కొత్తగా వచ్చినదాన్ని వచ్చిన వరుసలో చూపించేవి. ఏరి చూపించే బాధ్యత పాఠకులకు అప్పగించే దశకు మనం చేరేలోగా రాసేవారంతా ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. సంకలినులు ఒక్కొక్కటిగా పల్చబడ్డాయి. ఇంగ్లీషువారు ఒక అలవాటును పోగొట్టుకున్నారు. మనకు ఆ అలవాటు పూర్తిగా అబ్బనేలేదు.

ఇంకో లోతైన చిక్కు ఉంది, దీని గురించి తెలుగులో ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. లింకు ఇవ్వాలంటే ముందు దేనికి ఇవ్వాలో అది నెట్‌లో స్థిరంగా ఉండాలి. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గురించి రోజూ ఎంతో సమాచారం పుడుతోంది. నాగావళి వరద మట్టం, పార్వతీపురం వైపు ఏనుగుల దాడులు, జూట్ మిల్లు మూతపడితే కార్మికుల బతుకులు, జీడిపప్పు ధరలు, వలస వెళ్లిన మత్స్యకారుల కష్టాలు. ఇవన్నీ ఈ-పేపర్‌లో బొమ్మలుగా వచ్చి కొన్నాళ్లకు అందకుండా పోతాయి, లేదా స్థానిక విలేకరి వాట్సాప్ స్టేటస్‌లో ఒక్కరోజు ఉండి మాయమవుతాయి, లేదా ఐదు నిమిషాల వీడియోలో నాలుగో నిమిషం దగ్గర ఒక్క వాక్యంగా ఉంటాయి. నలుగురికీ చూపించి ‘ఇది చదవండి’ అనడానికి చిరునామా ఉండదు. ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవు.  జిల్లా స్థాయి తెలుగు వార్తల్లో లెక్క తీస్తే ఎంత తేలుతుందో తలచుకుంటేనే దిగులు వేస్తుంది. ఉద్దానం మీద నేను పదేళ్ల క్రితం దాచుకున్న తెలుగు లింకుల్లో ఇప్పుడు తెరుచుకునేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నికరాగ్వా మీద దాచుకున్నవి మాత్రం చాలావరకు తెరుచుకుంటున్నాయి.

నిలిచిన సైట్లను చూస్తే ఎలా నిలిచాయో అర్థమవుతుంది. హ్యాకర్ న్యూస్ ఇంకా పాత తీరులోనే ఉంది, బొమ్మలు లేవు, వీడియోలు లేవు, దాన్ని నడిపే వై కాంబినేటర్ అనే స్టార్టప్ పెట్టుబడి సంస్థకు ఆ సైటు నుంచే సంపాదించుకోవలసిన అగత్యం లేదు. మెటాఫిల్టర్ కొత్త సభ్యుల దగ్గర 5 డాలర్లు తీసుకుంటూ వచ్చింది. గూగుల్ వెతుకులాటలో దాని స్థానం పడిపోయి ప్రకటనల ఆదాయం తగ్గినప్పుడు 2014లో ఉద్యోగులను తొలగించుకోవలసి వచ్చింది, ఆ పైన సభ్యుల విరాళాలతో నెట్టుకొస్తోంది. రెండిట్లోనూ చర్చను గాడిలో పెట్టే మనుషులు ఉన్నారు, పరిమాణం అదుపులో ఉంది, మన సమయాన్ని పట్టి ఉంచి అమ్ముకోవలసిన ఒత్తిడి తక్కువ. కోట్లమంది కావాలనుకోవడమే డిగ్ పుట్టి ముంచిందని నా నమ్మకం. మన రెండు జిల్లాలకు వందమంది చాలు.

ఇది మన ఊరికి చేతకాని పని ఏమీ కాదు. 1997 ఫిబ్రవరి 22న కాళీపట్నం రామారావు మాస్టారు శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించినప్పుడు, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలన్న సంకల్పం ఒక ప్రభుత్వానికో విశ్వవిద్యాలయానికో రావలసినది, ఒక రిటైరైన బడిపంతులుకు వచ్చింది. ఎక్కడెక్కడి పాఠకులో, రచయితలో తమ ఇళ్లలోని పాత సంచికలు పంపారు. పంపినవారిలో చాలామంది ఒకరికొకరు తెలియదు. ఇప్పుడు ఆ కథల వివరాలు నెట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఏది ఉందో, ఎక్కడ అచ్చయిందో, ఏ సంవత్సరమో రాసిపెట్టే ఆ ఓపికే నాకు ఇక్కడ కావలసింది.

అందుకే ఉద్దానం మూత్రపిండాల వ్యాధి మీద ఒక లింకుల పేజీ మొదలుపెట్టాను. ప్రతి లింకు పక్కన దాన్ని సూచించినవారి పేరో, వారు ఎప్పుడూ వాడే కలం పేరో ఉంటుంది. అది ఎందుకు చదవాలో తెలుగులో మూడు నాలుగు వాక్యాలు వారే రాయాలి. పూర్తిగా చదవనివారు సూచించకూడదు. ఇంగ్లీషు పత్రమైతే అది రోగుల మీద జరిగిన అధ్యయనమా, ప్రతిపాదనా, పాత్రికేయ కథనమా అన్నది ముందే చెప్పాలి. లింకు చచ్చిపోయినా పేజీ దొరికేలా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక ప్రతి దాచి ఆ చిరునామా కూడా ఇస్తున్నాను. ఇప్పటికి మధ్య అమెరికా, శ్రీలంక పరిశోధనలు, 2023 డిసెంబరులో ప్రారంభమైన పలాస కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి వచ్చే తాగునీటి పథకం గురించిన కథనాలు అందులో చేరాయి. బాగా వెలితిగా ఉన్నది 1990ల నాటి భాగం. ఆ కాలపు జిల్లా పత్రికల కత్తిరింపులు మీ ఇంట్లో ఉంటే పత్రిక పేరు, తేదీ కనిపించేలా ఫోటో తీసి పంపండి. రోగుల పేర్లు, ఫోటోలు ఉంటే వాటిని కప్పి పంపండి. సోంపేట, కవిటి వైపు ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఆ రోజుల్లో పనిచేసి రిటైరైనవారు ఎవరైనా తమకు గుర్తున్నది రాసి ఇస్తే అదీ సంవత్సరంతో సహా చేరుతుంది. నేను చేర్చినవాటిలో ఏదైనా నిలబడదని మీకు తోస్తే ఎందుకో రాయండి, ఆ లింకు కిందే మీ పేరుతో ఉంచుతాను.